ప్రకటించిన ధరే పూర్తి ధర: ఒంటారియోలో కారు కొనే మనవాళ్ల కోసం

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఉన్న డీలర్ ఎవరైనా ఒక కారుకు ధర ప్రకటించారంటే, ఆ అంకెలో హెచ్‌ఎస్‌టీ (అమ్మకపు పన్ను), లైసెన్సింగు (నంబరు ప్లేటు, పర్మిట్) ఖర్చు తప్ప కొనేవారు చెల్లించవలసిన ప్రతి డాలరూ కలిసి ఉండాలి. ఆ రెండింటిని విడిగా ఉంచదలిస్తే, అవి ధరలో కలవలేదన్న సంగతిని అదే ప్రకటనలో కంటికి కనిపించేలా రాయాలి. దీనినే ఇక్కడ ‘ఆల్-ఇన్ ధర’ అంటారు. ఇది డీలర్ల మంచితనం మీద ఆధారపడిన ఆచారం కాదు, 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న చట్టం. అయినా బ్రాంప్టన్, మిస్సిసాగా, స్కార్‌బరో ప్రాంతాల్లో కొత్తగా స్థిరపడుతున్న తెలుగువాళ్లలో చాలామందికి ఇలాంటి నిబంధన ఒకటి ఉన్నదనే తెలియదు. తెలియనందువల్ల వందల డాలర్లు, కొన్నిసార్లు వేల డాలర్లు, ఇవ్వనక్కరలేని చోట ఇచ్చి వస్తున్నారు. అందుకే దీన్ని కాస్త వివరంగా రాయాలనిపించింది.

మనవాళ్లు నష్టపోతున్నది తెలివితేటలు లేక కాదు, ఊళ్లో నుంచి వెంట తెచ్చుకున్న అలవాటు వల్ల. హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా హోర్డింగు మీద కనిపించేది ఎక్స్‌షోరూమ్ ధర. అందులో జీఎస్టీ ఉంటుంది గానీ, జీవిత పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు, బీమా, ఫాస్టాగ్, ధర పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ ఉండవు. వీటికి తోడు హ్యాండ్లింగ్ చార్జీలని, యాక్సెసరీల కిట్ అని షోరూమ్ వాళ్లు కలిపేవి వేరే. అందువల్ల షోరూమ్‌లో అడుగుపెట్టగానే ‘ఆన్‌రోడ్ ఎంత పడుతుంది?’ అని అడగడం మనకు పుట్టుకతో వచ్చినంత సహజమైపోయింది. మన దేశంలో ప్యాకెట్‌లో అమ్మే సబ్బు బిళ్ల మీద కూడా అన్ని పన్నులూ కలిపిన ఎంఆర్‌పీ ముద్రించి తీరాలి. లక్షలు పోసి కొనే కారు ప్రకటనలో మాత్రం ఆన్‌రోడ్ ధర చూపాలన్న నియమం లేదు. రాష్ట్రానికో రకంగా ఉండే జీవిత పన్నును కంపెనీ దేశమంతటికీ ఇచ్చే ప్రకటనలో చూపలేదన్నది నిజమే. కానీ హైదరాబాదు డీలర్ హైదరాబాదు పత్రికలో వేసుకునే ప్రకటనకు ఆ అడ్డంకి ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇలా ప్రకటన ధర వేరు, చేతికిచ్చే బిల్లు వేరు అన్న లెక్కకు అలవాటుపడిన మనిషి ఇక్కడి డీలర్ ఎదుట కూర్చున్నప్పుడు, బిల్లులో ‘అడ్మిన్ ఫీజు 599’ అన్న వరుస కనిపిస్తే తల ఊపేస్తాడు. ఇక్కడ ఆన్‌రోడ్ అంటే ఇదే కాబోలు అనుకుంటాడు. అలా అనుకోవలసిన పని లేదు.

చట్టం సంగతికి వస్తే, ‘మోటార్ వెహికల్ డీలర్స్ యాక్ట్, 2002’ కింద వచ్చిన 333/08 నియమావళిలోని 36వ సెక్షన్ ఈ విషయాన్ని చెబుతుంది. ప్రకటనలో ధర పేర్కొంటే అది స్పష్టంగా, సులభంగా అర్థమయ్యేలా, ప్రముఖంగా కనిపించాలి. అది వాహనానికి చెల్లించవలసిన మొత్తమూ, ఆ అమ్మకానికి సంబంధించిన ఇతర చార్జీలూ కలిపిన అంకె అయి ఉండాలి. కారును ఫ్యాక్టరీ నుంచి డీలర్ దగ్గరకు చేర్చిన రవాణా ఖర్చు, అంటే ఫ్రైట్, అందులోకే వస్తుంది. అప్పగించే ముందు చేసే తనిఖీకి పీడీఐ పేరుతో వేసే చార్జీ, కాగితాల పని పేరుతో వేసే అడ్మిన్ ఫీజు, ఏసీ ఉన్న కారుపై ఫెడరల్ ప్రభుత్వం వేసే 100 డాలర్ల పన్ను, టైర్ల రుసుము, చివరికి డీలర్లను నియంత్రించే సంస్థకు ప్రతి అమ్మకం మీదా కట్టే రుసుమును డీలర్ మన దగ్గర రాబట్టుకోదలిస్తే అది కూడా ప్రకటించిన అంకెలోనే ఉండాలి. ఆ సంస్థ పేరు ఒంటారియో మోటార్ వెహికల్ ఇండస్ట్రీ కౌన్సిల్. అందరూ పిలిచే పేరు ఆమ్విక్. డీలర్లకూ సేల్స్ సిబ్బందికీ రిజిస్ట్రేషన్ ఇచ్చేదీ, నియమం తప్పితే చర్య తీసుకునేదీ ఈ సంస్థే.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. అడ్మిన్ ఫీజు వసూలు చేయడం చట్టవిరుద్ధమని కొందరు వాట్సాప్ గ్రూపుల్లో గట్టిగా రాస్తుంటారు. అది సరికాదు. డీలర్ అడ్మిన్ ఫీజు ఎంతైనా పెట్టుకోవచ్చు, కారు ధర కూడా ఎంతైనా పెట్టుకోవచ్చు. చట్టం అడిగేదల్లా ఆ ఫీజును ముందుగా ప్రకటనలోని ధరలో కలిపి చూపమని. ప్రకటనలో లేకుండా బిల్లులో పుట్టుకొచ్చినప్పుడే అది తప్పు అవుతుంది.

ఉదాహరణగా ఒక లెక్క వేసి చూద్దాం. ఒక పాత కారు 18,995 డాలర్లకు, ‘హెచ్‌ఎస్‌టీ, లైసెన్సింగు అదనం’ అన్న వాక్యంతో ప్రకటించారనుకోండి. 13 శాతం హెచ్‌ఎస్‌టీ 2,469 డాలర్ల 35 సెంట్లు అవుతుంది. రెండూ కలిపితే 21,464 డాలర్ల 35 సెంట్లు. దాని మీద కొత్త ప్లేటు, పర్మిట్ తీసుకుంటే 59 డాలర్లు. అక్కడితో లెక్క అయిపోవాలి. కానీ బిల్లులో అడ్మిన్ ఫీజు 599, అద్దాల మీద దొంగతనం నివారణ గుర్తులు చెక్కినందుకు 399, సేఫ్టీ సర్టిఫికెట్‌కు 799 అని మూడు వరుసలు చేరాయనుకోండి. అవి 1,797 డాలర్లు. వాటి మీదా హెచ్‌ఎస్‌టీ పడుతుంది గనుక కొనేవారి జేబు నుంచి అదనంగా పోయేది 2,030 డాలర్ల 61 సెంట్లు. ఒక విద్యార్థికి అది నెలల తరబడి ఇంటి అద్దె వాటా. నాకు చూపించిన బిల్లుల్లో ఈ మూడు రకాల వరుసలే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

ఈ నిబంధన కొనేవారి కోసమే పుట్టిందని అనుకుంటాం గానీ, నిజాయతీగా వ్యాపారం చేసే డీలర్‌కు కూడా ఇదే రక్ష. ఇద్దరు డీలర్లు ఒకే రకం కారును అమ్ముతున్నారనుకుందాం. ఒకరు అన్నీ కలిపి 20,500 అని రాశారు, రెండోవారు 18,995 అని రాసి తక్కినది తర్వాత కలుపుతారు. ఫోనులో ధరల వరుస ప్రకారం వెతికే మనిషికి ముందుగా కనిపించేది రెండోవారి కారే. అతను గంట ప్రయాణం చేసి వెళ్లి, కారు నడిపి చూసి, మనసు పడిన తర్వాత అసలు లెక్క బయటపడుతుంది. అప్పటికి సగం రోజు గడిచిపోయి ఉంటుంది, వెనక్కి తిరగడానికి మనసొప్పదు. నిజం రాసినవారి దగ్గరకు అసలు ఎవరూ వెళ్లనే లేదు. ఇలా కొన్నాళ్లు సాగితే నిజం రాసేవారు కూడా రెండోవారి బాటనే పట్టక తప్పదు. ధర ప్రకటన మీద నియమం లేని మార్కెట్టులో అందరూ తక్కువ అంకె చూపడానికి పోటీ పడేది ఇందుకే. ఈ నియమం ఎంత అవసరమో నాకు ఈ ఒక్క కారణంతోనే నమ్మకం కుదిరింది.

మరి చట్టం ఇంత స్పష్టంగా ఉంటే డీలర్లు ఏం చెప్పి అదనం అడుగుతారు? ఎక్కువగా వినిపించేది, ‘ఈ ప్యాకేజీ కారులో ముందే బిగించేశాం, తీయడానికి కుదరదు’ అన్న మాట. అద్దాలపై గుర్తులు, టైర్లలో నైట్రోజన్, చక్రాలకు తాళాలు, సీట్లకు పూత ఈ కోవలోనివి. 2021, 2022 సంవత్సరాల్లో చిప్‌ల కొరత వల్ల కార్లు దొరకని కాలంలో ఈ ధోరణి బాగా ముదిరింది. దీనికి జవాబు తేలికైనది. తీయడానికి కుదరనంతగా ముందే బిగించి ఉంటే, దాని ఖర్చు ప్రకటించిన ధరలోనే ఉండి తీరాలి. అది లేకుండా కారు ఇవ్వనప్పుడు అది కారు ధరలో భాగమే గదా. ఇంకొందరు ‘వెబ్‌సైటులో ఉన్నది పాత ధర’ అంటారు. వెబ్‌సైటును సరిచూసుకోవలసిన బాధ్యత డీలర్‌దే. మరికొందరు ‘ఈ ఫీజు ప్రభుత్వం వేసేది’ అని చేతులు కడుక్కుంటారు. ప్రభుత్వ రుసుములు కూడా ధరలో కలవాలన్నదే నిబంధన. మినహాయింపు పైన చెప్పిన రెండింటికే.

కొనేవారు తమ ఇష్టంతో అదనంగా తీసుకునే వాటి సంగతి వేరు. శీతాకాలపు టైర్లు, పొడిగించిన వారంటీ, రోడ్ల మీద చల్లే ఉప్పు నుంచి కాపాడే తుప్పు నివారణ పూత లాంటివి కావాలని అడిగి తీసుకుంటే వాటి డబ్బు వేరుగా తీసుకోవడంలో తప్పు లేదు. చిక్కంతా ఎక్కడంటే, వద్దనవచ్చన్న మాట చెప్పకుండా వాటిని బిల్లులో చేర్చి, వరుసగా సంతకాలు పెట్టించే పద్ధతిలో ఉంది. సంతకం పడ్డాక ‘వాళ్లే కోరి తీసుకున్నారు’ అనడానికి డీలర్‌కు కాగితం దొరుకుతుంది, మన ఫిర్యాదు బలం తగ్గిపోతుంది. కాబట్టి ఒక్కొక్క వరుస మీద వేలు పెట్టి ‘ఇది తప్పనిసరా, నా ఇష్టమా?’ అని అడగడంలో మొహమాటం పడకూడదు. తప్పనిసరి అంటే అది ప్రకటనలో ఉండవలసింది, ఇష్టమైతే మనం కొట్టేయించవచ్చు.

సేఫ్టీ సర్టిఫికెట్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే పాత కార్ల కొనుగోలులో ఎక్కువమంది ఇక్కడే తికమక పడతారు. ఒంటారియోలో పాత కారును మన పేరున రోడ్డు మీద తిప్పడానికి అర్హమయ్యేలా రిజిస్టర్ చేయించుకోవాలంటే సేఫ్టీ స్టాండర్డ్స్ సర్టిఫికెట్ కావాలి. డీలర్ దానికి డబ్బు తీసుకోదలిస్తే మామూలుగా అది కూడా ప్రకటించిన ధరలోనే ఉండాలి. సర్టిఫికెట్ లేకుండా అమ్మే కారు అయితే, ఆ విషయమూ, సర్టిఫికెట్ కావాలంటే ఎంత అవుతుందో కూడా ప్రకటనలోనే స్పష్టంగా తెలియజేయాలి. ‘ఆజ్-ఈజ్’ అన్న మాట కనిపిస్తే కారు ఉన్నదున్నట్టుగా, ఎలాంటి హామీ లేకుండా ఇస్తున్నారని అర్థం. ఆ మాట చదవకుండా తక్కువ ధరకు సంబరపడిన తర్వాత మెకానిక్ దగ్గర బ్రేకులకూ సస్పెన్షన్‌కూ అయ్యే ఖర్చు చాలాసార్లు ఆ సంబరాన్ని మింగేస్తుంది.

ధరతో పాటు ప్రకటనలో చెప్పవలసినవి మరికొన్ని ఉన్నాయి. కారు గతంలో రోజువారీ అద్దె వాహనంగానో, టాక్సీగానో, పోలీసు వాహనంగానో తిరిగి ఉంటే ఆ సంగతి ప్రకటనలోనే రాయాలి. ప్రకటన ఇస్తున్న డీలర్ పేరూ ఉండాలి.

వారానికి ఇంత, రెండు వారాలకు ఇంత అని పెద్ద అక్షరాలతో వేసే ఫైనాన్స్ ప్రకటనల విషయంలో నా అభిప్రాయం కఠినమైనది. ‘రెండు వారాలకు 149’ అన్న అంకె మొత్తం ధరను కళ్లముందు నుంచి తప్పించడానికి వాడే అంకె. వడ్డీ శాతం, ఎన్ని నెలలన్నది తెలిపిన తర్వాత కూడా, ఎనభై నాలుగు నెలల అప్పును చిన్న వాయిదాగా చూపినప్పుడు మనసు ఆ వాయిదా దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ముందు కారు ఆల్-ఇన్ ధర మీద మాట తేల్చుకుని, ఆ తర్వాతే వాయిదాల గురించి మాట్లాడమని నేను అడిగినవాళ్లందరికీ చెబుతుంటాను. రెండింటినీ కలిపి మాట్లాడితే ఎక్కడ తగ్గించారో, ఎక్కడ పెంచారో తెలియదు.

ఈ నియమానికి హద్దులు కూడా ఉన్నాయి, అవి తెలియకపోతే లేని రక్షణను నమ్ముకుంటాం. ఇది డీలర్లకు వర్తించే చట్టం. కార్లు తయారుచేసే కంపెనీ తన పేరు మీద టీవీలో, తన సొంత వెబ్‌సైటులో ఇచ్చే ప్రకటనలు ఆమ్విక్ పరిధిలోకి రావు. కంపెనీ సైటులో చూసిన అంకెకూ డీలర్ ఇచ్చిన అంకెకూ ఫ్రైట్, పీడీఐ మేరకు తేడా రావడానికి ఇది ఒక కారణం. అలాగే కిజిజి అనే ప్రకటనల సైటులోనో ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో సొంత కారు అమ్ముకునే మనిషికి ఈ నియమం లేదు. అలాంటి కొనుగోలులో వాహనాల రిజిస్ట్రేషన్ చేసే ప్రభుత్వ కేంద్రం సర్వీస్ ఒంటారియో దగ్గర కొనేవారే 13 శాతం పన్ను కట్టుకోవాలి. ఆ పన్నును మనం ఇచ్చిన ధర మీద గానీ, పాత కార్ల విలువలు ఇచ్చే రెడ్ బుక్‌లోని టోకు విలువ మీద గానీ, ఏది ఎక్కువైతే దాని మీద లెక్కిస్తారు. తక్కువ ధరకు దొరికిందని రాయించుకున్నా పన్ను తగ్గదన్నమాట. సొంత కారు అమ్ముకుంటున్నట్టు నటిస్తూ రిజిస్ట్రేషన్ లేకుండా వ్యాపారం చేసేవాళ్లను ఇక్కడ కర్బ్‌సైడర్లు అంటారు. వాళ్ల దగ్గర కొన్నవారికి ఈ చట్టం ఇచ్చే రక్షణ గానీ, డీలర్ల మీద క్లెయిములు తీర్చడానికి ఉన్న పరిహార నిధి గానీ అందదు.

మరో హద్దు చాలామందిని దెబ్బతీస్తుంది. ఒంటారియోలో డీలర్ దగ్గర కారు కొని సంతకం పెట్టాక మనసు మార్చుకోవడానికి గడువు లేదు. కాంట్రాక్టులో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప, మర్నాడు వెళ్లి వద్దంటే కుదరదు. గతంలో టాక్సీగానో అద్దె వాహనంగానో వాడడం, ప్రమాదంలో బాగా దెబ్బతిన్నదని రికార్డులో ‘సాల్వేజ్’ ముద్ర పడడం, నడిచిన దూరం లాంటి కొన్ని ముఖ్యమైన విషయాలను సరిగా తెలియజేయకపోతే 90 రోజుల్లోగా ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు ఉంది. అదనపు ఫీజు వేశారన్న కారణం ఆ జాబితాలో లేదు. కాబట్టి లెక్క చూసుకోవలసింది సంతకానికి ముందే.

కెనడాలో ఒంటారియో ఒంటరిగా లేదు. ఆల్బర్టాలో జీఎస్టీ, ఫైనాన్స్ ఖర్చు తప్ప అన్నీ ప్రకటించిన ధరలో కలవాలి. క్విబెక్‌లో 2010 నుంచి వినియోగదారుల చట్టమే ఈ పని చేస్తోంది, అక్కడ అది కార్లకు మాత్రమే కాక అన్ని సరుకులకూ వర్తిస్తుంది. తక్కువ ధర చూపి తప్పనిసరి చార్జీలను తర్వాత ఒక్కొక్కటిగా కలపడాన్ని 2022 జూన్‌లో ఫెడరల్ కాంపిటీషన్ యాక్ట్‌లో కూడా పేరు పెట్టి చేర్చారు. సరిహద్దు దాటితే పరిస్థితి వేరు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 డిసెంబరులో ఇలాంటి నియమాన్నే దేశమంతటికీ ప్రకటించింది గానీ, 2025 జనవరిలో ఫిఫ్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు దాన్ని కొట్టేసింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న బంధువులు తమ అనుభవంతో ఇచ్చే సలహా ఇక్కడ సరిపోకపోవడానికి కారణం ఇదే. వాళ్లు అక్కడి అడ్మిన్ ఫీజును ఉద్దేశించి ‘డాక్ ఫీజు అందరూ ఇస్తారు, ఇచ్చేయి’ అంటారు, అదీ సదుద్దేశంతోనే అంటారు.

ఇక చేయవలసిన పని. కారు చూడటానికి బయలుదేరే ముందే ప్రకటనను తేదీ, ధర, కారు వీఐఎన్ (ఒక్కో కారుకు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) లేదా డీలర్ ఇచ్చిన స్టాక్ నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. మీరు అక్కడికి చేరేసరికి ఆ పేజీ మారిపోవచ్చు. వెళ్లకముందే ఈమెయిలులో ‘ప్రకటించిన ధరకు హెచ్‌ఎస్‌టీ, లైసెన్సింగు కాక ఇంకేమైనా ఉందా, ఉంటే వరుసల వారీగా పంపండి’ అని అడగండి. జవాబు రాతపూర్వకంగా రాకుండా ‘రండి, మాట్లాడుకుందాం’ అని మాత్రమే వస్తే మరో డీలర్‌ను చూసుకోవడం మంచిదని నా సలహా. ఆ డీలర్‌కు రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఆమ్విక్ వెబ్‌సైటులో పేరు కొట్టి చూడవచ్చు. బిల్లు ముందు పెట్టినప్పుడు ప్రకటన ధరను పైన రాసుకుని, దానికి 13 శాతం కలిపి, లైసెన్సింగు కలిపి, బిల్లు చివరి అంకెతో పోల్చండి. మీ పాత కారును మార్పిడిగా ఇస్తుంటే దాని విలువ తీసేసిన తర్వాత మిగిలిన మొత్తం మీదే హెచ్‌ఎస్‌టీ లెక్కించాలి, అదీ చూసుకోండి.

తేడా కనిపిస్తే గొంతు పెంచనక్కరలేదు. ‘ఇది ఆల్-ఇన్ ధరగా ప్రకటించారు, ఈ వరుస తీసేయండి’ అన్న ఒక్క వాక్యం చాలాచోట్ల పనిచేస్తుంది, ఎందుకంటే నిబంధన సంగతి ఎదుటివారికి మనకంటే బాగా తెలుసు. తీయకపోతే లేచి రావచ్చు. ఇప్పటికే కట్టేసి ఉంటే, ముందు డీలర్‌కు రాతపూర్వకంగా తెలియజేసి, స్క్రీన్‌షాట్, బిల్ ఆఫ్ సేల్ (అమ్మకపు ఒప్పంద పత్రం) జతచేసి ఆమ్విక్‌కు ఫిర్యాదు చేయండి. దానికి రుసుము లేదు. ఈ చట్టం కింద కోర్టులో నేరం రుజువైతే వ్యక్తికి 50,000 డాలర్ల వరకు, కంపెనీకి 2,50,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు గనుక, డీలర్లు ఆ ఫిర్యాదును తేలిగ్గా తీసుకోరు. అయితే మీ డబ్బు తిరిగి ఇవ్వమని డీలర్‌ను శాసించే అధికారం ఆమ్విక్‌కు లేదు. ఇరువైపులా మాట్లాడి రాజీకి ప్రయత్నిస్తుంది, నియమం తప్పినందుకు చర్య తీసుకుంటుంది. రాజీ కుదరకపోతే చిన్న మొత్తాల దావాలు విచారించే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఉంది. 2025 అక్టోబరు 1 నుంచి అక్కడ 50,000 డాలర్ల వరకు దావా వేయవచ్చు, లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు. ఆ కోర్టులోనైనా మీ చేతిలో ముందుగా ఉండవలసిన కాగితం ఆ మొదటి ప్రకటన స్క్రీన్‌షాటే.